నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పి

మీ ఇంట్లో యాభై దాటిన వాళ్లెవరైనా ఈమధ్య నడకలో మధ్యమధ్య ఆగుతున్నారా? ఫోన్ వచ్చినట్టు జేబులోంచి తీసి చూసుకోవడం, వంగి చెప్పులు సరిచేసుకోవడం, 'మీరు పదండి, నేనొస్తా' అని వెనకబడిపోవడం... ఇలాంటివేమైనా కనబడుతుంటే ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. చాలామంది 'ఏం లేదు, కాస్త ఛాతీ పట్టేసినట్టుంటుంది, రెండు నిమిషాలు నిలబడితే పోతుంది' అంటారు. పోతోంది కదా అన్నదే వాళ్ల ధైర్యం. కానీ మేం డాక్టర్లం చెవులు రిక్కించి వినాల్సిన మాట సరిగ్గా అదే.

నడిస్తే వచ్చి, ఆగితే పోయే ఈ నొప్పిని యాంజైనా అంటాం. ఇది గుండెపోటు కాదు. గుండెపోటులో రక్తనాళం ఉన్నట్టుండి మూసుకుపోతుంది, గుండె కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. యాంజైనాలో నాళం సన్నబడింది గానీ మూసుకుపోలేదు. నొప్పి నెలల తరబడి ఒకే తీరుగా, ఒకే స్థాయి శ్రమకు వస్తోందంటే మనకు కొంత వ్యవధి ఉన్నట్టే. ఆ వ్యవధిని మన కుటుంబాలు రెండు చోట్ల పాడుచేసుకుంటున్నాయన్నదే నా బాధ. మొదట నెలల తరబడి 'గ్యాస్' అని కొట్టిపారేస్తాం. ఆ తర్వాత యాంజియోగ్రామ్ బల్ల మీద పడుకున్నాక అన్నీ పది నిమిషాల్లో తేల్చేయమంటే సరేనంటాం. రోజుల్లో చూపించుకోవాల్సిన దానికి నెలలు తీసుకుంటాం, నిదానంగా ఆలోచించాల్సిన దాన్ని నిమిషాల్లో ముగిస్తాం.

ముందు గ్యాస్ సంగతి

మన తెలుగిళ్లలో గుండె మీద పడాల్సిన అనుమానం పొట్ట మీదకు వెళ్లిపోవడానికి కారణం లేకపోలేదు. భోజనం చేసిన వెంటనే నడిస్తే యాంజైనా మామూలుకంటే త్వరగా వస్తుంది. ఎందుకంటే అప్పుడు జీర్ణకోశానికీ ఎక్కువ రక్తం కావాలి, కాళ్లకూ కావాలి, గుండె మీద రెండు వైపుల నుంచీ బరువు పడుతుంది. మనిషికి మాత్రం 'తిన్నాక వచ్చింది కాబట్టి గ్యాసే' అనిపిస్తుంది. పైగా నొప్పి రాగానే ఆగుతాడు, ఒక సోడా తాగుతాడు, ఒక తేన్పు వస్తుంది, నొప్పి తగ్గుతుంది. తగ్గించింది సోడా కాదు, ఆగడం! కానీ పేరంతా సోడాకు పోతుంది. ఇక అక్కడి నుంచి పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర జీవితంలో భాగమైపోతుంది.

తేడా పట్టుకోవడం మరీ కష్టం కాదు. ఎసిడిటీ మంట పడుకుంటే, వంగితే, కారం తింటే పెరుగుతుంది. దానికి మీరు ఎన్ని మెట్లు ఎక్కారన్నదానితో పని లేదు. యాంజైనాకు మాత్రం మెట్ల లెక్క తెలుసు. రెండో అంతస్తు వరకూ ఊరుకుని మూడో అంతస్తులో పట్టుకుంటుంది. చేతిలో కూరగాయల సంచీ ఉంటే రెండో అంతస్తులోనే పట్టుకుంటుంది. డిసెంబరు చలిలో ఇంకాస్త ముందే వస్తుంది. ఇంట్లో గట్టిగా గొడవ జరిగినప్పుడు కూర్చున్నచోటే రావచ్చు, ఎందుకంటే కోపం కూడా గుండెకు శ్రమే.

ఎందుకిలా అంటే, మీ అపార్ట్‌మెంట్‌లో నీళ్ల పైపును తలుచుకోండి. లోపల పాచి పట్టి సన్నబడినా, మధ్యాహ్నం ఒక్క కుళాయి తిప్పితే నీళ్లు బాగానే వస్తాయి. పొద్దున ఏడింటికి అందరూ తిప్పినప్పుడే పై అంతస్తు వాళ్లకు చుక్క రాదు. గుండెకు రక్తాన్నిచ్చే కరొనరీ నాళాలు కొవ్వు పూడికతో సన్నబడినా, కూర్చుని ఉన్నప్పుడు సరిపడా రక్తం అందుతూనే ఉంటుంది. నడిచినప్పుడు గుండె వేగం, బీపీ పెరిగి అవసరం ఎక్కువవుతుంది. అప్పుడే కొరత బయటపడుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. నొప్పి తగ్గాక ల్యాబ్‌కి వెళ్లి, బల్ల మీద హాయిగా పడుకుని ఈసీజీ తీయించుకుంటారు. నార్మల్ అని వస్తుంది. నిలకడగా ఉన్న యాంజైనా రోగుల్లో దాదాపు సగం మందికి విశ్రాంతిలో తీసిన ఈసీజీ నార్మల్‌గానే ఉంటుంది. ఎకో కూడా చాలామందిలో బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అది గుండె ఎలా కొట్టుకుంటోందో చూపిస్తుంది గానీ నాళాల్లో పూడికలను చూపించదు. 'మొన్నే మాస్టర్ హెల్త్ చెకప్ చేయించాం, అన్నీ నార్మలే' అంటూ తళతళలాడే ఫైలు తెచ్చి చూపిస్తారు. ఆ ఫైల్లో ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబుండదు: నడిస్తే మీకేమవుతోంది?

యంత్రాలు లేని రోజుల్లోనే పట్టుకున్నారు

ఈసీజీ పుట్టడానికి వందేళ్లకు పైగా ముందే ఈ జబ్బును ఒక డాక్టర్ కచ్చితంగా గుర్తుపట్టారు. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ తోటి వైద్యుల ముందు ఒక ప్రసంగం చేశారు. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, భోజనం చేసిన కాసేపటికి ఛాతీలో బిగింపు వస్తుందనీ, నిలబడిపోగానే మాయమవుతుందనీ వివరించారు. యాంజైనా పెక్టోరిస్ అన్న పేరు పెట్టింది ఆయనే. ఆయన చేతిలో ఏ పరికరమూ లేదు, రోగులు చెప్పింది ఓపిగ్గా విన్నారంతే. ఇప్పటికీ ఈ జబ్బు నిర్ధారణలో సగం పని మాటలతోనే అవుతుంది. మా ఓపీల్లో ఆ మాటలకు ఇచ్చే టైము మూడు నిమిషాలకు పడిపోయిందన్నది వేరే గోడు.

అందుకని మీరే తయారై వెళ్లండి. 'గుండెలో నొప్పి డాక్టర్‌గారూ' అంటే సరిపోదు. అసలు చాలామందికి అది నొప్పిగా ఉండదు. బరువు పెట్టినట్టు, బిగించినట్టు, మంటగా అనిపిస్తుంది. వేలితో ఒక చుక్క చూపించి 'ఇక్కడ సూదిలా పొడుస్తోంది' అంటే సాధారణంగా అది కండరాలదో, పక్కటెముకలదో. పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో ఆనించి చూపిస్తే మాత్రం మేం సర్దుకుని కూర్చుంటాం. ఎడమ చేతికో, దవడకో, గొంతులోకో పాకుతోందా? ఎంత దూరం నడిస్తే వస్తోంది? ఆగాక ఎన్ని నిమిషాలకు తగ్గుతోంది? ఆరు నెలల క్రితం కంటే ఇప్పుడు తక్కువ శ్రమకే వస్తోందా? ఇవి చెప్పండి. ఛాతీ మధ్యలో బిగింపు, శ్రమతో రావడం, ఆగితే కొద్ది నిమిషాల్లో పోవడం. ఈ మూడూ కలిస్తే, ఇతర పరీక్షలు ఏమన్నా సరే, గుండెను అనుమానించాల్సిందే.

ఇంకో మాట ఇంట్లోవాళ్లకు. 'నొప్పి ఉందా?' అని అడగకండి. 'ఈమధ్య ఏం మానేశారు?' అని అడగండి. వీధి చివరికి పాల ప్యాకెట్ కోసం స్కూటర్ తీసే నాన్న, మూడు నెలలుగా మేడ మీద బట్టలు ఆరేయడం మానేసి వరండాలోనే తీగ కట్టించుకున్న అమ్మ... వీళ్లకు నొప్పి ఉండదు. శ్రమ మానేశారు కాబట్టి లేదు.

అమ్మ సంగతి విడిగా చెప్పాలి. ఆడవాళ్లలో, ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవాళ్లలో ఈ బిగింపు అంత స్పష్టంగా ఉండకపోవచ్చు. నాలుగడుగులకే ఆయాసం, పని చేస్తుంటే దవడ లాగడం, అంతకుముందు లేని నిస్సత్తువ, వికారం... ఇవే దాని రూపం కావచ్చు. ఇంట్లో దాన్ని 'వయసు', 'లావు', 'నీరసం' అంటారు. అమ్మ కూడా అదే అనుకుని ఒక చివర మంచం మీద కూర్చుని లేస్తుంది. పైగా కొందరు స్త్రీలలో పెద్ద నాళాలు శుభ్రంగా ఉండి, యాంజియోగ్రామ్‌లో కనబడనంత సన్నని నాళాల్లో ఇబ్బంది ఉంటుంది. యాంజియోగ్రామ్ బాగుంది కాబట్టి అంతా మనసు కల్పన అనేస్తే అన్యాయం. అది నిజమైన జబ్బే, మందులున్న జబ్బే.

మీ మాటలు విన్నాక డాక్టర్ స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టాలి. ఎందుకంటే అయోర్టిక్ కవాటం బిగుసుకుపోయినా నడిస్తే ఇదే నొప్పి వస్తుంది, దాని చప్పుడు వినబడుతుంది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినా, థైరాయిడ్ ఎక్కువైనా కొద్దిపాటి పూడికే పెద్ద నొప్పి తెస్తుంది. కాబట్టి ముందు ఈ మామూలు రక్తపరీక్షలు, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్ష. ఆ తర్వాత నడిపించి చూసే ట్రెడ్‌మిల్ పరీక్ష గానీ, సీటీ కరొనరీ యాంజియోగ్రామ్ గానీ. ట్రెడ్‌మిల్ పరీక్ష మీరు ఎంతసేపు నడవగలిగారో, ఎక్కడ నొప్పి వచ్చిందో చెబుతుంది. అది బాగుందన్నంత మాత్రాన పూడికలు లేనట్టు కాదు. సీటీ నాళాల లోపలి బొమ్మ చూపిస్తుంది. అందులో నాళాలు శుభ్రంగా ఉంటే పెద్ద నాళాల్లో పూడికలు లేవని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. ఏ లక్షణమూ లేని నలభై ఏళ్ల వాళ్లకు ప్యాకేజీల్లో భాగంగా ట్రెడ్‌మిల్ చేసి, కాస్త తేడా కనబడగానే భయపెట్టడం నాకు నచ్చని అలవాటు. పరీక్ష అవసరమైన వాళ్లు గ్యాస్ మాత్రలు మింగుతుంటే, అవసరం లేనివాళ్లు ట్రెడ్‌మిల్ ఎక్కుతున్నారు.

వరండాలో పది నిమిషాలు

ఇక రెండో చోటు. నిలకడగా యాంజైనా ఉన్న పెద్దాయనను యాంజియోగ్రామ్‌కి లోపలికి తీసుకెళతారు. కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది. '90 శాతం బ్లాక్ ఉంది. ఇప్పుడే స్టెంట్ వేసేస్తే మంచిది, సంతకం పెట్టండి.' వరండాలో భార్య, అల్లుడు. అమెరికాలో అర్ధరాత్రి నిద్ర లేచి ఫోన్‌లో ఉన్న కొడుకు. ఆ మాట విన్నాక 'వద్దు' అనగలిగే కుటుంబం ఏది? '90' అన్న అంకె చెవిలో పడగానే నాన్న ప్రాణం పది శాతం మీద వేలాడుతోందనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. గుండెపోటు వచ్చినప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. అక్కడ ఆలోచిస్తూ కూర్చోవద్దు, ఎంత తొందరగా వేస్తే అంత మేలు. నేను చెబుతున్నది గుండెపోటు రాని, నొప్పి నిలకడగా ఉన్న మనిషి గురించి. 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో ఇలాంటి 2,287 మందిని పరిశీలించారు. 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనంలో 37 దేశాల నుంచి 5,179 మంది ఉన్నారు. ఒక వర్గానికి మంచి మందులు మాత్రమే, ఇంకో వర్గానికి మందులతో పాటు స్టెంటో, అవసరమైన వాళ్లకు బైపాసో. ఏళ్ల తర్వాత చూస్తే మరణాల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం స్టెంటు, బైపాస్‌లతో నొప్పి బాగా తగ్గింది.

పూడిక తీసేస్తే గుండెపోటు రాకూడదు కదా అనిపించడం సహజం. కానీ గుండెపోటు ఎప్పుడూ 90 శాతం ఉన్న చోటే రాదు. పెద్దగా అడ్డం లేని 40 శాతం కొవ్వు గడ్డ కూడా ఒకరోజు పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి నాళాన్ని మూసేయొచ్చు. స్టెంట్ ఒక్క చోటును సరిచేస్తుంది. స్టాటిన్, ఆస్పిరిన్ లాంటి మందులు అన్ని నాళాలనూ పొడవునా కాపాడతాయి. స్టెంట్ వేయించుకున్నాక 'నాకు క్లియరైపోయింది' అని మాత్రలు మానేసేవాళ్లను చూసినప్పుడల్లా నాకు గుబులుగా ఉంటుంది. మానేస్తే స్టెంటే మూసుకుపోయే ప్రమాదం ఉంది.

బ్రిటన్‌లో ఇంకో ఆసక్తికరమైన ప్రయత్నం చేశారు. 2017లో వచ్చిన ఆర్బిటా అధ్యయనంలో, మందులు బాగా వాడుతున్న 200 మందిలో కొందరికి స్టెంట్ వేశారు, కొందరికి వేసినట్టు నటించారు. ఎవరికి వేశారో రోగికి తెలియదు. ఆరు వారాలకు ట్రెడ్‌మిల్ మీద నడిచే సమయంలో పెద్ద తేడా రాలేదు. స్టెంట్ వేయించుకున్నామన్న నమ్మకమూ నొప్పిని తగ్గిస్తుందన్నమాట. అదే బృందం 2023లో, నొప్పి తగ్గించే మందులు ఆపేసినవాళ్ల మీద మళ్లీ పరిశీలించింది. ఈసారి స్టెంట్ నొప్పిని నిజంగానే తగ్గించింది. అయినా సగం మందికి పైగా ఎంతో కొంత నొప్పి మిగిలే ఉంది. కాబట్టి స్టెంట్ పనికిరాదని కాదు. మందులతో నొప్పి లొంగకపోతే, మందులు పడకపోతే స్టెంట్ మంచి సాధనం. అది నొప్పికి వేసేదనీ, నిలకడగా ఉన్న జబ్బులో ఆయుష్షు కోసం వేసేది కాదనీ తెలిసి వేయించుకోండి.

మినహాయింపులున్నాయి. ఎడమ వైపు మొదట్లోనే ఉండే ప్రధాన నాళం, అంటే లెఫ్ట్ మెయిన్ పూడుకుంటే మందులతో ఆగకూడదు. గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్ల లెక్క వేరు. మధుమేహం ఉండి ఒకటికి మించి నాళాల్లో పూడికలుంటే బైపాస్ మేలని 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం చూపించింది. మన ఇళ్లలో షుగర్ ఎంత మామూలైపోయిందో తెలుసు కదా. అలాంటి మనిషికి కంగారులో మూడు స్టెంట్లు వేయించేసి, తర్వాత 'బైపాస్ చేయించాల్సిందేమో' అనుకోవడం ఎవరికీ మంచిది కాదు.

కాబట్టి యాంజియోగ్రామ్‌కి వెళ్లేముందే, లోపలికి పోకముందే మాట్లాడుకోండి. 'లెఫ్ట్ మెయిన్ లాంటి ప్రమాదం ఉంటే మీరు చెప్పినట్టే చేద్దాం డాక్టర్‌గారూ, లేకపోతే సీడీ ఇవ్వండి, మేం ఆలోచించుకుని వస్తాం' అని చెప్పడంలో తప్పు లేదు, అమర్యాద అంతకంటే లేదు. మంచి డాక్టర్ దానికి కోప్పడరు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్ ధరకు 29,600 రూపాయల పరిమితి పెట్టాక స్టెంట్ ధర భయం కొంత తగ్గింది. కానీ బిల్లంటే స్టెంట్ ఒక్కటే కాదు, ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నది కూడా స్టెంట్ వేయించుకోవడానికి కారణం కాకూడదు.

మందుల చీటీలో ఏముంటుంది

నిర్ధారణయ్యాక చీటీలో రెండు రకాల మందులుంటాయి. ఆస్పిరిన్, స్టాటిన్ గుండెపోటును ఆపడానికి. ఇవి వేసుకున్నా ఒంట్లో ఏ తేడా తెలియదు, అందుకే అందరూ ముందు మానేసేది వీటినే. 'కొలెస్ట్రాల్ నార్మల్‌కొచ్చింది, ఆపేశా' అంటారు. నార్మల్‌కొచ్చింది మాత్ర వల్లే. పైగా ల్యాబ్ కాగితం మీద రాసే నార్మల్ మీది కాదు. పూడికలున్నవాళ్లకు చెడ్డ కొలెస్ట్రాల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి. రెండో రకం నొప్పిని తగ్గించేవి: గుండె వేగాన్ని అదుపుచేసే బీటా బ్లాకర్లు, నాళాలను వదులుచేసే ఆమ్లోడిపిన్, నైట్రేట్లు. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబెడుతుంది, అడక్కుండా ఆపొద్దు. సిగరెట్, బీడీ, ఖైనీ సంగతి వేరే చెప్పాలా? అవి ఉండగా చీటీలో ఎన్ని మందులున్నా సగమే పని చేస్తాయి.

నైట్రేట్లలో నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ అందరికీ తెలిసిందే. దీని చుట్టం నైట్రోగ్లిసరిన్‌ను యాంజైనాకు 1879లోనే లండన్‌లో విలియం మరెల్ వాడి చూపించారు. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో డాక్టర్లు రాసింది అదే పేలుడు పదార్థాన్ని! ఈ మాత్రను కూర్చుని వేసుకోవాలి, నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కింద పడతారు. లైంగిక సామర్థ్యానికి వాడే సిల్డెనఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టాడలఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు దీన్ని ముట్టకూడదు. మగవాళ్లు సిగ్గుపడి ఈ మాట డాక్టర్ దగ్గర దాచేస్తారు, ప్రాణం మీదకు తెచ్చుకుంటారు. పక్కింటాయనకు ఛాతీ నొప్పి వస్తే మీ డబ్బాలో మాత్ర తీసి నోట్లో పెట్టకండి. ఆయన బీపీ ఎంతుందో మీకు తెలియదు.

నొప్పి తీరు మారితే మాత్రం వ్యవధి అయిపోయినట్టే. కూర్చున్నప్పుడు, నిద్రలో రావడం, ముందుకంటే తక్కువ శ్రమకే రావడం, రోజురోజుకీ పెరగడం ప్రమాద సూచనలు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి వచ్చినప్పుడు కూర్చుని, డాక్టర్ రాసిచ్చిన సార్బిట్రేట్ పెట్టుకున్నాక ఐదు నిమిషాలకూ తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చేయండి. స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించవచ్చు.

ఇక 'నాన్నా, మీరు కదలకండి' అనే ప్రేమ గురించి. అది ఆయనకు చేసే మేలు కాదు. హెబర్డెన్ తన రోగుల్లో ఒకాయన రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకుని దాదాపు నయమైపోయాడని రాసుకున్నారు. కండరాలు అలవాటు పడితే అదే దూరానికి గుండె తక్కువ కష్టపడుతుంది. మందులు కుదిరి, డాక్టర్ సరేనన్నాక రోజూ నడవాలి. మొదటి ఐదు నిమిషాలు నింపాదిగా, తిన్న వెంటనే కాకుండా, చలికాలంలో ఎండ వచ్చాక. నొప్పి మొదలయ్యే ముందు దాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. మాత్ర జేబులో ఉండాలి.

తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. 'మొక్కు ఉందండీ, తిరుమల మెట్లెక్కొచ్చా?' అలిపిరి దారిలో 3,550 మెట్లు. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడకదారి ఎంచుకోవద్దని టీటీడీయే చెబుతుంది. నా జవాబు కూడా ఈ ఏడాదికి బస్సే. ఆర్నెల్లు మందులు వాడి, రోజూ నడిచి, మళ్లీ ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని రండి, మీరు ఎంతసేపు నడిచారో చూసి అప్పుడు మాట్లాడుకుందాం అంటాను. కొందరు నిజంగానే వస్తారు. వాళ్లలో కొందరికి, వెంట మనిషి ఉంటే, పై నుంచి దిగొచ్చేటప్పుడు కొంత దూరం నడిచిరమ్మని చెబుతాను.